హీటర్ వేసుకుని ఎడారి దాటాం

ఇవాళ ఒమాహాలో తొలి మంచు.
కారులో హీటర్ తిప్పగానే
కాలిన దుమ్ము వాసన గుప్పుమంది.
కార్విన్, నాకు ఆ జూలై గుర్తొచ్చింది.

"ఏసీ లేకపోతేనేం, కిటికీలు నాలుగున్నాయి" అని
ఆ పాత స్టేషన్ వ్యాగన్‌లో
నాన్న మనల్ని బయల్దేరదీసిన జూలై.
నాలుగింట్లో ఒకటి దిగేది కాదు.
అది నా వైపుది.

సీటు రెక్సిన్ తొడలకి అతుక్కునేది.
పెట్రోలు బంకు దగ్గర దిగేటప్పుడు
చర్మం ప్లాస్టర్ పీకినట్టు ఊడొచ్చేది.
ఐస్ పెట్టెలో ఐస్ పొద్దున్నే చచ్చిపోయేది.
మిగిలిన నీళ్ళలో చీజ్ పొట్లాలు
వెల్లకిలా తేలేవి.
అమ్మ ఆ నీళ్ళనే చేతిరుమాలుకి తడిపి
మన మెడల మీద వేసేది.
నాన్న మెడ మీద కూడా. మొదట్లో.

కాపిటల్ రీఫ్‌లో తోట చూసి మతిపోయింది మనకి.
ఎర్ర రాతి గోడల మధ్య అంత పచ్చదనం!
అక్కడే తిన్నన్ని ఆప్రికాట్లు ఉచితమన్నారు.
నువ్వు పదిహేడు తిన్నావు.
ఆ రాత్రి టార్చిలైటు పట్టుకుని
నీతో ఎన్నిసార్లు మరుగుదొడ్డికి నడిచానో
నేను నీకు ఇంతవరకు చెప్పి చూపించలేదు.

అక్కడే కదా, సాయంత్రం ఆ రేంజరమ్మ
కంగారూ ఎలుక గురించి చెప్పింది:
పుట్టి బుద్ధెరిగాక చుక్క నీరు తాగదట,
ఎండు గింజల్లోంచే తడి చేసుకుంటుందట.
అందరూ ఆహా అన్నారు.
అమ్మ ఒక్కతే చెయ్యెత్తి అడిగింది:
"మరి పిల్లలకేం పెడుతుంది?"

జయాన్‌లో నేల మేకుని ఒప్పుకోలేదు.
రాయి పుచ్చుకుని బాదీ బాదీ
మేకు వంగింది గానీ నాన్న వంగలేదు.
చివరికి గుడారాన్ని భోజనాల బల్ల కాళ్ళకి కట్టాడు.
వస్తుందన్న గాలి రాలేదు.
అమ్మ తడిపి కప్పిన దుప్పటి
మన మీదే అప్పడంలా ఎండిపోయింది.

గోడలకి చెవులుంటాయంటారు,
గుడారానికి నోరు కూడా ఉంటుంది.
నువ్వు నిద్రపోయావు. నేను విన్నాను.
మాంసం ప్లాంటు నాన్నకి ఇచ్చింది
మనం అనుకున్న సెలవు కాదు,
ఆ రెండో సెలవు.
ఆఖరి చెక్కుతో ఈ ప్రయాణం.
"చెబితే వచ్చేదానివా?" అన్నాడాయన.
అమ్మ జవాబు చెప్పలేదు.
నెవాడా దాటేదాకా ఏమీ చెప్పలేదు.

డెత్ వ్యాలీ ఎక్కుడులో ఒక బోర్డు:
ఇంజిన్ వేడెక్కకుండా ఏసీ ఆపండి.
నాన్న ఒక్కడే నవ్వాడు.
థర్మామీటర్ నూట పద్దెనిమిది.
ముల్లు ఎర్ర గీత వైపు పాకుతోంది.
అప్పుడు చెయ్యి చాపి
హీటర్ వేశాడు. పూర్తిగా.
"దాని వేడి కాస్త మనం పంచుకోవాలి, లేకపోతే చస్తుంది."

నాకు ఇప్పటికీ తెలీదు
అది ఇంజిన్ గురించేనా అని.
కాళ్ళ మీద నిప్పుల గాలి.
నువ్వు ఏడుపు మానేసి గుటకలేశావు.
అద్దంలో నాన్న చెవులు
ఉడికిన పీతల్లా ఉన్నాయి.

రోడ్డు పక్క నీళ్ళ తొట్టి దగ్గర ఆపాం.
రేడియేటర్‌కి మాత్రమే అని రాసుంది దాని మీద.
బానెట్ ఎత్తి, ఆవిరి సద్దుమణిగేదాకా
నాన్న బంపరుకి దూరంగా నిలబడ్డాడు,
ఎవరో తెలిసినవాళ్ళ పాడె ముందు నిలబడినట్టు.
అమ్మ ఐస్ పెట్టె తీసి చెయ్యి ముంచింది.
అడుగున వెతికింది.
గోళీకాయంత ముక్క.
ఎవరికిస్తుందా అని ఇద్దరం నోళ్ళు తెరిచాం.

అది తీసుకెళ్ళి
నాన్న కాలర్ వెనక వేసింది.

ఆయన ఎగిరి గంతేసిన తీరు,
అమ్మ నవ్వు,
ఆ తర్వాత నవ్వు ఆగాక
ఆమె మొహం అటు తిప్పుకోవడం.

అంతే. మళ్ళీ ఎక్కాం.
పై దాకా హీటర్ ఆపలేదు.

ఇక్కడ సిగ్నల్ ఎర్రగా ఉంది, కార్విన్.
వైపర్లు మంచుని పక్కకి నెడుతున్నాయి.
హీటర్ ఆపబుద్ధి కాలేదు.
నా వైపు కిటికీ దించాను.

ఇది దిగుతుంది.