నోరు తిరిగే పొయ్యి

షిప్‌యార్డులో ముప్పై రెండేళ్ళు
ఓడల పొట్టలకి అతుకులేసిన చేతులు.
రిటైరయ్యాక పొయ్యిలు కడుతున్నానంటే
మా బావమరిది ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

మొదటిది పదిహేను కిలోల నూనె డబ్బాతో.
మోచెయ్యిలా వంచిన గొట్టం, చుట్టూ బూడిద కూరి
పెదజాలరిపేటలో నూకరత్నం ఇడ్లీ పాక ముందు దింపాను.
వెలిగించింది. దగ్గింది. నేనూ దగ్గాను.
"ఏటి బాబూ, మాయమ్మ మూడు రాళ్ళే నయం" అంది.

రెండోది పొడుగెక్కువ. మంట బాగానే లేచింది,
గుండిగే నిలబడలేదు.
ఇసకలో పడ్డ ఇడ్లీల్ని కుక్కలు దులుపుకుని తిన్నాయి,
ఆ పూట డబ్బులు నేనే ఇచ్చుకున్నాను.

మూడోదానికి లెక్కలు రాసుకున్నాను.
గాలి అడుగునుంచి దూరాలని పుల్లల కింద చువ్వల జల్లెడ,
వేడి ఊరికే పారిపోకూడదని
గుండిగ చుట్టూ వేలెడు సందుతో రేకు లంగా.
సరుగుడు కర్ర బొటనవేలంత చీల్చి
తూకం వేసి, గడియారం పట్టుకు కూచున్నాను.
ఎప్పుడూ తొమ్మిది పుల్లలు మింగే నీళ్ళు
నాలుగున్నరకే తెర్లాయి.
మిగిలిన సగం పుల్ల జేబులో వేసుకుని
ఇంటికి నడిచాను, బోనస్ అందిన రోజులా.

మర్నాడు పదింటికి కబురు: "నీ పొయ్యి ఎదురు తిరిగింది."
మంట బయటికొచ్చి పుల్లల తోకలు నాకుతోంది.
తెల్లారగట్ల కొండ గాలి,
పొద్దెక్కితే సముద్రం గాలి.
ఇక్కడే పుట్టినవాణ్ణి,
కాగితం మీద గాలికి ఒకటే దిక్కు పెట్టాను.
నూకరత్నం ఏమీ అనలేదు.
అల్లుడి షెడ్డునుంచి పాత ఆటో బేరింగొకటి తెప్పించి
కింద బిగించమంది.
ఇప్పుడు పదయ్యేసరికి, గరిటె చేతిలో ఉండగానే
చెప్పు కాలితో ఓ తోపు.
పొయ్యి మొహం తిప్పుకుంటుంది.

పొగ లేదు. కొంగుతో కళ్ళొత్తుకోవడం లేదు.
అయినా వారం తిరక్కుండా మూతి ముడిచింది:
"పడవోళ్ళు పొగ సూసే వొచ్చేవోరు బాబూ.
పొగ లేపోతే ఎలిగిందని ఎవుడికి తెలుస్తాది?"

దానికి నా దగ్గర డిజైను లేదు.
రోజూ అయిదున్నరకి
చారెడు తడి కొబ్బరి పీచు తనే వేస్తుంది.
ఒక్క పొగ తీగ లేచి, కొండ గాలికి
వలలు లాగి వస్తున్నవాళ్ళ వైపు వంగి
ఆరిపోతుంది.

లెక్కల పుస్తకంలో దాన్ని నష్టం కింద రాయాలి.
ఇంకా రాయలేదు.
ఆ పేజీ మీద చట్నీ పడింది.