వీసా అక్కర్లేదు

"వీసా అక్కర్లేదంట గదా,
మరి ఇన్ని కాగితాలేందయ్యా?"
అంది మస్తాన్‌బీ,
అరండల్‌పేటలో మా జిరాక్సు కొట్టు మెట్టు మీద
చెప్పులు విడిచి, లోపలికి రాకుండా.

అది పందొమ్మిదో సంవత్సరం, ఆగస్టు.
సెర్బియాకి అప్పట్లో మనవాళ్ళు
ముప్పై రోజుల్లోపైతే ఊరికే పోవచ్చు.
అక్కడెక్కడో మిరప పండే పల్లెలో
కాయల్ని దండలు గుచ్చి ఇంటి గోడకే వేలాడదీస్తారట.
తేమ ఎంతుందో వాసనతో చెప్పే మనిషి కావాలని
మన యార్డులో ఒక ఎగుమతి కొట్టుకి ఉత్తరం రాశారు.
కొట్టు మొత్తానికి ఆ ముక్కు ఒక్కటే.

తెర మీద చూస్తూ ఒక్కొక్కటే చదివాను.

పాస్‌పోర్టుకి గడువుండాలి.
ఉంది. మొన్ననే వచ్చింది.
బెజవాడ ఆఫీసులో మూడుసార్లు వేలిముద్ర పడలేదట,
ఇరవై రెండేళ్ళ తొడిమలు
గీతలన్నీ తినేశాయి.
నాలుగోసారి ఆ సీట్లో పిల్ల
తడిగుడ్డతో తుడిచి, తన చెయ్యేసి నొక్కితే
ఏదో మరక పడింది.
"ఆ పిల్ల సాయంత్రం దాకా కళ్ళు నులుముకునుంటది, పాపం."

రోజుకి యాభై యూరోలు చూపించాలి అన్నాను.
ఎనిమిది రోజులకి నాలుగొందలు,
మన డబ్బులో ముప్పై ఒక్కవేల పైచిలుకు.
ఆమె పెదాలు కదిలాయి. కిలోకి పది.
"డెబ్బై ఎనిమిది టిక్కీలు" అంది
నేను కాలిక్యులేటర్ వెతుక్కునేలోపే.
డబ్బు ఖాతాలో ఉంది. యజమాని వేశాడు.
వచ్చాక ఇచ్చెయ్యాలి, మధ్యలో ముట్టుకోకూడదు.
"చూపించడానికే గదా.
పేరంటానికి అరువు గొలుసేసుకు పోమా ఏంది!"

ఇన్సూరెన్సు.
"నాకేమన్నా అయితే ఎవురికిస్తారు?"
ఆసుపత్రికి, అన్నాను.
నవ్వింది. చాలాసేపు నవ్వింది.

తిరుగు టిక్కెట్టు చూపించాలి అంటే మాత్రం
ముఖం ముడుచుకుంది.
"దసరా దాటితే కోల్డ్‌స్టోరేజీ సరుకు బయటికి తీస్తారు.
నేను రాకపోతే తాలుకాయలు ఎవురు ఏరతారు?
ఈ ముక్క వాళ్ళకి రాయి."
రాశాను, నిజంగానే.
తర్వాత కొట్టేశాను.

దిగిన ఇరవై నాలుగ్గంటల్లో
ఎక్కడుంటున్నావో పోలీసులకి తెలియాలి.
మస్తాన్‌బీ మెట్టు మీద కూర్చుంది.
నల్లచెరువులో తొమ్మిదేళ్ళుగా ఒకే గది,
ఇంటాయన పుస్తకంలో ఆమె పేరు
'వెనక పోర్షన్'.
"మంచిదే గదయ్యా" అంది కాసేపటికి,
"నేనెక్కడున్నానో
ఒక సర్కారుకి ఒక్క రోజులో కావాలంట."
కోపమో సంబరమో
నాకు అంతుపట్టలేదు.

ఉత్తరంలో వృత్తి దగ్గర ఆగాను.
నాణ్యతా నిపుణురాలు అని కొట్టి చదివి వినిపించాను.
"అదేంది?"
అంటే నువ్వే, అన్నాను.
"కూలీ అని పెట్టు. పక్కన అది కూడా ఉండనియ్.
ఏది నమ్మితే అది."

కాగితాలన్నీ కలిపి ముప్పై నాలుగు పేజీలు.
కొంగు ముడి విప్పి వంద ఇచ్చింది.
నా దగ్గర చిల్లర లేదు. ఇరవై బాకీ పడ్డాను.
"వచ్చాక తీసుకుంటాలే" అని
శంకర్‌విలాస్ బ్రిడ్జి వైపు నడిచిపోయింది,
ఫైలు నెత్తిన పెట్టుకుని, ఎండకి.

మధ్యాహ్నం ఒక కుర్రాడొచ్చాడు,
జర్మనీ యూనివర్సిటీకట,
మార్కుల లిస్టులు అద్దం మీద పరిచి
ఎడతెరిపి లేకుండా తుమ్మాడు.
అద్దం ఎత్తి చూశాను.
మూలన సన్నగా, ఎర్రగా, ఒక గీత.
తుడిచాను. నేనూ తుమ్మాను.
మర్నాడు కూడా
ప్రతి కాపీకీ ఎడమ అంచున
ఆ గీత పడుతూనే ఉంది.