బొంత గోడ

సర్వే కాగితంలో రెండే గళ్ళు: పక్కా, కచ్చా.
ఊరీ పైన, కొండవాలులో, హాజ్రా బీ ఇంటి ముందు
నా పెన్ను ఆగింది.

దేవదారు చట్రం, మూలమూలకీ ఏటవాలు బద్దలు,
ఆ ముక్కోణాల్లో గులకరాళ్ళు, మట్టి.
గోడ కాదు, పాతగుడ్డలు కలిపి కుట్టిన బొంత.

"నలభై ఏళ్ళు తిట్టాను మా సమద్‌ని,
గాలొస్తే చాలు కిర్రుమంటుందని.
భూమి కదిలిన రాత్రి
ఇల్లంతా నులకమంచంలా మూలిగింది, ఊగింది,
మళ్ళీ సర్దుకుంది.
ఒక్క ముక్కోణం రాలింది, అంతే.
తెల్లారి పిడికెడు మట్టి మెత్తాను."

కింద సిమెంటు బడి మాత్రం
ఒక్క మాటా అనకుండా కూలిందట.
రాత్రి గనక సరిపోయింది.

రెండు గళ్ళ మధ్య గీత మీద
చిన్నగా రాశాను: కిర్రుమంటుంది.
పై ఆఫీసులో అడుగుతారు, అదేం జవాబని.
లోపల్నించి హాజ్రా బీ కేక,
ఉప్పు టీ చల్లారిపోతోందట.