ఎనిమిదిలో సగం

నెట్ సెంటర్ కుర్రోడు ఇంజిన్ నెంబరు అడిగాడు.
బయటికొచ్చి, బండి పక్కన గొంతుక్కూచుని
జిడ్డు గోకి ఒక్కో అంకే చదివా.
మూడు చలానాలు తేలాయి.
"మూడువేల చిల్లర చాచా,
రెండో శనివారం లోక్ అదాలత్‌లో తగ్గిస్తారంట."

మొదటిది నాదే.
ఒంగోలు, అద్దంకి బస్టాండు.
నెత్తిన టోపీ ఉంది గానీ వాళ్ళడిగే టోపీ కాదు.
రెండోదీ నాదే, దాచేదేముంది,
సింగరాయకొండ కాడ
చెవికీ భుజానికీ మధ్య ఫోను నొక్కుకోని
ఎవరితోనో నవ్వుతున్నా.

మూడోది నెల్లూరు.
పొగతోట, ఆసుపత్రుల వీధి, పొద్దున ఆరూ నలభై.
ఒక బండి, ముగ్గురు మనుషులు.
ముందు కుర్రోడు,
నడుమ అతని వీపు మీద తల వాల్చిన పెద్దామె,
వెనక ఒక పిల్ల చెయ్యి పైకెత్తి
సెలైన్ సీసా పట్టుకోని ఉంది.
బొమ్మంతా స్పష్టంగా పడింది,
ఆ వేళ్ళొక్కటే మసక.

వీళ్ళెవరు?
నేను నెల్లూరు పోయిందే ముందటేడు రొట్టెల పండక్కి.

శనివారం కందుకూరు కోర్టు.
కానుగ చెట్టు కింద జిరాక్సు మిషను,
దాని చుట్టూ సంతంత జనం.
పొగాకు బేళ్ళ ట్రాలీ వాళ్ళు, కోళ్ళ ఆటో వాళ్ళు.
పాల వ్యాను మాలకొండయ్యకి పదహారంట,
పది పాసైనోడి మాదిరి అందరికీ చూపిస్తున్నాడు.
ఒప్పుకుంటే సగం కట్టి పోవచ్చు.
కాదంటే వాయిదా,
ఆ బండి ఎవరిదో పోలీసోళ్ళు వెతికి పట్టుకొస్తారు.

కాదందామనే పొయ్యా.
కాగితం మడత విప్పి
అద్దాలు పెట్టుకోని ఇంకోసారి చూశా.
మనుషుల్ని కాదు, నెంబరు పలకని.

నాలుగుకి తోక కాస్త ఎడమకి వాలింది.
ఒకటి కింద చిన్న గీటు,
చివర్న కుంచె తిప్పి ఎత్తిన మెలిక.
అబ్బ.
ఆ మెలిక నాది.

పామూరు రోడ్డులో ఇరవై రెండేళ్ళు, కాలేషా ఆర్ట్స్.
సర్కారు పలకలొచ్చి
అంకెలన్నీ ఒకే అచ్చులో పడేదాకా
బండి కొన్నోడు నిమ్మకాయ తొక్కించి
నేరుగా నా కొట్టుకే వచ్చేవాడు.

చివర నేనేసింది మూడు కాదు.
ఎనిమిది.
ఎడమ పక్క ఎండకో వానకో రాలిపొయ్యి
మూడు మిగిలింది,
అచ్చం నా స్కూటరు నెంబరయ్యి కూచుంది.
ఊరు ఒంగోలు జిల్లాలో ఉన్నప్పుడేసిన ఇరవైయేడు
ఊరిని నెల్లూర్లో కలిపినా చెక్కు చెదరలా.
ఈ ఒక్క అంకే రాలింది.
ఎందుకు రాలిందో నాకు తెలుసు.
పది రూపాయలు మిగులుతాయని
ఆ రోజుల్లో కింద ప్రైమర్ వేసేవాణ్ణి కాదు.

"షేక్ కాలేషావలీ!"
గుమాస్తా రెండోసారి పిలిచాడు.
"ఒప్పుకుంటావా, లేదా?"
దొంగ నెంబరు కాదు సార్,
నా నెంబరూ కాదు,
ప్రైమర్ వెయ్యని పని సార్,
దీనికి సెక్షను ఏదన్నా ఉందా
అని అడగాలనిపించింది.
వెనక వందమంది.
"ఒప్పుకుంటన్నా."
"మూడూనా?"
"మూడూ."

సగానికి తగ్గించారు.
ఎనిమిదిలో సగం మూడని
ఏ లెక్కల అయ్యవారూ ఒప్పుకోడు గానీ
రసీదు మీద ముద్ర పడింది.
ఆ పెద్దామె ఏమైందో రసీదులో ఉండదు.

ఇంట్లో మాత్రం రెండ్రోజులు అన్నం కంచం గట్టిగానే పడింది.
"ఎవడిదో నువ్వు కట్టేదేంది" అంది షంషాద్.
చెప్పలా.
ప్రైమర్ సంగతి ఆమెకి అప్పుడూ తెలవదు.

ఇప్పుడు సీటు కింద
బుడ్డి నల్ల ఎనామిలు, ఉడత వెంట్రుకల కుంచె
పెట్టుకోని తిరుగుతన్నా.
నెల్లూర్లో పనున్నా లేకపోయినా
పొగతోట మీదుగా పోతన్నా.
పాత పలక ఏది కనపడినా
చివరి అంకె కోసం ముందుకు వంగుతా.
నిన్న అట్లాగే వంగబొయ్యి
సిగ్నల్ కాడ తెల్లగీటు దాటా.
పైన కెమెరా ఉంది.
ఇంకోటి వచ్చే ఉంటది.