ఊదండి

కోల్చెస్టర్ ఆసుపత్రిలో
ఊపిరి కొలిచే గది నాది.
రోజుకి పద్నాలుగు మందికి ఒకటే మాట చెబుతాను:
ఊదండి. ఇంకా, ఇంకా. ఆపకండి.
అట్ట గొట్టం కొసన బుగ్గలు ఉబ్బుతాయి,
తెర మీద ఒక గీత గుట్ట ఎక్కి దిగుతుంది.

మంగళవారం విల్ఫ్ థర్గుడ్ గారు వచ్చారు.
నలభై ఏళ్లు గ్యాసు గొట్టాలకి కందకాలు తవ్విన మనిషి.
ఆయన గీత గుట్ట ఎక్కనేలేదు,
గడప దగ్గరే కూలబడింది.
ఆయాసం తీరాక అన్నారు:
"డెబ్భై నాలుగులో, లెక్స్‌డెన్ రోడ్డు పక్కన,
నా పార కింద అత్తరు బుడ్డి దొరికింది.
రోమన్లదట. పగల్లేదు.
కోటలో పెట్టారు, వెళ్లి చూడు.
నా పేరేం రాయలేదులే.
దొరగ్గానే ఏం చేశానో తెలుసా?
వాసన చూశా."
ఏం వాసన, అన్నాను.
"బురద" అని నవ్వబోయి
చాలాసేపు దగ్గారు.

ఆదివారం వాన.
బడిపిల్లల తడి కోట్ల మధ్య దూరి చూశాను.
దోసపిందె అంత ఉంది.
లేతాకుపచ్చ ఒళ్లు; ఒక పక్క మాత్రం
నేలలో నానిన పంతొమ్మిది వందల ఏళ్లు
నీళ్లలో కిరసనాయిలు చుక్క పడ్డట్టు
రంగులు రంగులుగా పొరలు లేచాయి.
మెడ కాస్త వంకర.

ఎనిమిదేళ్లప్పుడు
బొప్పాయి కాడ కుంకుడు రసంలో ముంచి
నేనూ ఊదాను.
నా బుడగ ఒక్కటీ
మిరప మడి దాటి పోలేదు.

ఇది ఊదినవాడు
(వాడి పేరూ రాయలేదు)
ఆ పొద్దున వంద ఊది ఉంటాడు,
పెదాలు కమిలి, ఎప్పుడు అన్నం వేళవుతుందా అని చూస్తూ.
దీని వంతు వచ్చేసరికి
వెనక నుంచి ఎవరో పిలిచారు.
తల తిప్పాడు.
మెడ అందుకే వంకరని నా నమ్మకం.

అత్తరు ఎగిరిపోయింది.
అది రాసుకున్న చెవి వెనక చర్మం
మట్టిలో మట్టి.
ఊదిన ఊపిరి కూడా
ఏ కాలంలోనో ఈదురుగాలిలో కలిసిపోయింది.
అది పట్టినంత చోటు మాత్రం
ఎవరూ ఆక్రమించకుండా
అలాగే ఉంది, గుండ్రంగా.

అద్దానికి ముక్కు ఆనించి
అలవాటు కొద్దీ లెక్క కట్టాను.
పదిహేను మిల్లీలీటర్లు. మహా అయితే ఇరవై.

ఇంతే అయితే
థర్గుడ్ గారు ఇప్పటికీ ఊదగలరు.
తరవాతిసారి వచ్చినప్పుడు చెప్పాలి,
గొట్టం నోట్లో పెట్టకముందే.