పదకొండో గడి

మా స్టేషన్ రిజిస్టర్లో పదకొండో గడి
హెల్మెట్టుది.
ఉంది, లేదు.
రెంటిలో ఒక మాట పట్టేంత వెడల్పు.

చెంచురామయ్య కేసులో ‘ఉంది’ అని రాశాను.
ఉన్నమాటే.
రాత్రంతా రొయ్యల గుంట మీద ఏరేటర్లు కాసి
తెల్లారి ఇంటికొస్తా ఊటుకూరు మలుపులో పడ్డాడు.
హెల్మెట్టు హ్యాండిలుకి వేలాడతా ఉంది,
దాన్నిండా వరిగడ్డి, గడ్డిలో ఆరు కోడిగుడ్లు.
ఒక్కటే చిట్లింది.

ఆ ఏడు పోయినోళ్ళు పదముగ్గురు.
ఐదుగురికి ‘ఉంది’.
టీ కొట్టుకాడ మస్తాను వేళ్ళు మడిచి చూపించాడు:
“పెట్టుకున్నోళ్ళూ పోతానే ఉండారు గదా సారూ,
ఇంక దేనికబ్బా ఆ ఉక్క, ఆ చలానా?”

ఒకడిది పట్టీ బిగించని హెల్మెట్టు,
మనిషి కంటే ముందే కాలవలోకి దూకింది.
ఒకడిది కోవూరు రోడ్డు పక్కన
నూటయాభైకి బేరమాడిన డిప్ప.
ఒకడికి తల పదిలంగానే ఉండింది,
లారీ ఎక్కింది నడుం మీద.
ఐదోవాడు
నిజంగానే పెట్టుకున్నాడు, నిజంగానే పోయాడు.
దానికి నా దగ్గర జవాబు లేదు.

పైనుంచి పేపరుకి వెళ్ళిన లెక్క ఇంకో తీరు:
తనిఖీలు పెట్టాక చావులు సగమయ్యాయట.
ఆ రెండు నెలలూ గుంటలు ఎండగట్టి ఉన్నాయి,
రాత్రిపూట రోడ్డెక్కే మనిషే లేడు.
ఆ సంగతి నేనూ చెప్పలేదు.
మా సీఐకి మెచ్చుకోలు కాగితం వచ్చింది,
నాకు ఒక మైసూరుపాకు.

మొన్న రామతీర్థం నర్సమ్మ సుభాషిణి వచ్చింది.
చీరకి మట్టి, మోచేతికి తనే కట్టుకున్న కట్టు.
మైలురాయికి కొట్టుకుని
నెత్తిమీద అడ్డంగా చీలిన హెల్మెట్టు
నా బల్లమీద పెట్టింది.
“కేసేం వద్దన్నా.
ఇదెక్కడ రాస్తారో అడుగుదామని.”

పుస్తకం ఇటు తిప్పాను, అటు తిప్పాను.
లేచి ఇంటికి పోయినోళ్ళకి
మా కాడ పేజీ లేదమ్మా, అన్నాను.
ఆమె నవ్వి, టీకాల డబ్బా భుజానేసుకుని,
కొత్తది ఎక్కడ మంచిది దొరుకుతుందో కనుక్కుని పోయింది.
పాతది బీరువా మీద ఉంది. పారెయ్యబుద్ధి కాలేదు.

చెంచురామయ్య సామాన్ల రసీదు మాత్రం నేనే రాశాను.
హెల్మెట్టు ఒకటి.
గుడ్లు ఐదు.
వేలిముద్ర వేసేముందు అతని భార్య
రెండుసార్లు ఎంచి చూసుకుంది.