ఒళ్ళు దగ్గర పెట్టుకుని

ఆక్లాండ్ నుంచి హ్యూస్టన్, పధ్నాలుగు గంటలు.
నలభై మూడో వరస, నడవ పక్క సీటు.
సంచీని ముందుకు పట్టుకుని
పీతలా పక్కవాటుగా నడుస్తూ వచ్చిందామె.
తుంటి తగిలిన ప్రతి సీటుకీ
సారీ, సారీ అంటోంది.
మనుషులకి కాదు, సీట్లకి.

పేరు ఒఫేయినా.
మాంగెరెలో రొట్టెల దుకాణం,
ఆదివారం చర్చిలో నలభై గొంతుల్ని నడిపించే చెయ్యి,
ఇవన్నీ తర్వాత తెలిసినవి.
అప్పటికి నాకు తెలిసింది సీటు వెడల్పు:
పదిహేడు అంగుళాలు.
రెండు జానలకి ఓ వేలు తక్కువ.
ఎవరి నడుము చుట్టూ టేపు తిప్పి
ఈ లెక్క తేల్చారో,
ఇరవై రెండేళ్ళుగా ఈ నడవలో తిరుగుతున్నాను,
నాకు తెలియదు.

మధ్య సీట్లో కీరన్ అనే కుర్రాడు
ఆమెను చూసి మోచెయ్యి వెనక్కి లాక్కున్నాడు.
మర్యాదే అనుకున్నాడు పాపం.
ఆమె ఆ మోచేతిని
ఇంతకుముందు చాలా విమానాల్లో చూసింది.

బెల్టు చాలదు, ఇంకో ముక్క కావాలి,
అని అడగడానికి మాటలు
ఇంటి దగ్గరే వల్లె వేసుకుని వచ్చుంటుంది.
పెదవులు కదిలాయి.
అంతలో నేను దుప్పటి అందించాను,
మడతలో నారింజరంగు పట్టీ.
(సముద్రంలో పడ్డవాళ్ళు దూరానికి కనపడాలని వాడే రంగు,
దీనికెందుకు వేశారో!)
"చలేస్తుందేమోనని," అన్నాను.
ఆమె మడత తడిమింది. నా మొహం చూసింది.
"అవును, చాలా చలి," అంది.
బయట ఫిబ్రవరి ఎండకి రెక్క కాలిపోతోంది.

దీపాలార్పాక చూశాను.
భుజాలు లోపలికి మడిచి
తొడలు బిగించి
చేతులెక్కడ పెట్టాలో తోచక
చంకల్లో దాచుకుని కూర్చుంది.
ఒళ్ళు దగ్గర పెట్టుకో అంటారు చూడండి,
ఆ మాటని అక్షరాలా పాటిస్తున్న మనిషిని
అంతకుముందు చూడలేదు నేను.
ఒళ్ళు మరిచి నిద్రపోవడానికి లేదు.
మరిస్తే అది పక్క సీట్లోకి పొంగుతుంది కదా.

భోజనం వద్దంది.
బల్ల వాలితే పొట్ట మీద ఏటవాలుగా ఆగిపోతుంది.
ఆకలి లేదంది, రోజంతా రొట్టెలు కాల్చే మనిషి!
నీళ్ళు కూడా ముట్టలేదు.
మరుగుదొడ్డి తలుపు ఎంతుంటుందో
నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

ఏడో గంటలో,
భూమధ్యరేఖ ఎక్కడో కింద చీకట్లో జారిపోతుంటే
కుర్రాడి తల వచ్చి ఆమె భుజం మీద పడింది.
తెరుచుకున్న నోరు, చొంగ.
ఆమె కొయ్యబారింది.
చాలాసేపటికి,
తడిగుడ్డ కింద పిండిముద్ద నానినట్టు
సడలడం మొదలెట్టింది.
ముందు భుజం. తర్వాత మెడ.
చంకలోంచి ఓ చెయ్యి బయటికొచ్చి
వాడి దుప్పటి పైకి లాగింది.

అప్పుడు నేను వంగి
నడవ వైపు చేతిపట్టీ అడుగున
తడిమితేగానీ దొరకని బొడిపె నొక్కాను.
పట్టీ పైకి లేచింది.
నాలుగు వేళ్ళ చోటు,
నేను నడిచే దారిలోంచి తీసిచ్చింది.
ఆ బొడిపె మొదట్నుంచీ అక్కడే ఉంది.
మేం ఎవరికీ చెప్పం.
ఎందుకు చెప్పమో మాకెవరూ చెప్పలేదు.

తెల్లవారుజామున నా బండి
ఆమె మోకాలికి కొట్టుకుంది.
"సారీ," అంది ఆమె.
కొట్టింది నేను కదా అన్నాను.
కాసేపు ఆలోచించి,
"నోటికి అలవాటైపోయింది," అంది.
నీళ్ళు అడిగింది. రెండు గ్లాసులు తాగింది.

దిగేముందు కుర్రాడు లేచి
ఆమె జాకెట్టు మీద తడిమరక చూసి
చెవులదాకా ఎర్రబడ్డాడు.
"మీ చోటంతా ఆక్రమించేశాను," అన్నాడు.
ఆమె నవ్వింది,
పొట్ట కదిలేలా,
ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూసేలా.

దుప్పటి మడతపెట్టి నా చేతికిచ్చింది.
లోపల పట్టీ ఇంకా వెచ్చగానే ఉంది.
తిరుగు విమానంలో ఎవరికో అవసరం పడుతుంది.
తీయకుండా అలాగే ఉంచాను.